సిగ్నల్ లేని చోట ఫోన్ దారి చూపుతుందా? ఆపదలో 108, 112కు మీరున్న చోటు ఎలా చెప్పాలి?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబర్ జాతీయ రహదారిపై మన్ననూరు చెక్‌పోస్టు దాటాక చాలా ఫోన్లలో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. అక్కడి నుంచి దోమలపెంట వైపు దారి అంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా సాగుతుంది. ఆ మలుపుల్లో కారు ఆగిపోయినా, బైక్ జారినా "ఎక్కడున్నారు?" అనే ప్రశ్నకు "అడవిలో ఉన్నాం" అనడం మినహా చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఇది అడవికే పరిమితమైన ఇబ్బంది కాదు. దేవరకొండ అవతల చందంపేట, నేరేడుగొమ్ము మండలాల తండాల్లోనో, నారాయణపేట వైపు పొలాల మధ్య ఉన్న ఇంట్లోనో రాత్రిపూట ఎవరికైనా గుండెనొప్పి వస్తే, ఇంటి నంబరు చెప్పి అంబులెన్స్‌ను రప్పించడం కష్టం. "మైసమ్మ గుడి దాటాక ఎడమకు తిరగండి" అంటే ఊరివాళ్లకు అర్థమవుతుంది. బయటి నుంచి వచ్చే డ్రైవర్‌కు అర్థం కాదు.

ఈ రెండు సందర్భాల్లోనూ పనికొచ్చేది జేబులో ఉన్న ఫోన్లోని జీపీఎస్. కానీ అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే తెలిసి ఉండాలి. ఆపద వచ్చాక నేర్చుకునే తీరిక ఉండదు.

ఫోన్ మనమున్న చోటును ఎలా కనిపెడుతుంది?

చాలామంది అనుకునేదేమిటంటే, పైనున్న శాటిలైట్లు మన ఫోన్‌ను చూస్తుంటాయని. అది నిజం కాదు. జీపీఎస్ శాటిలైట్లకు మీ ఫోన్ ఉన్నట్టు కూడా తెలియదు. అవి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని రేడియో సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఫోన్ చేసేది వాటిని వినడం మాత్రమే.

సంకేతం బయల్దేరిన సమయానికి, ఫోన్‌కు అందిన సమయానికి మధ్య తేడాను బట్టి ఆ శాటిలైట్ ఎంత దూరంలో ఉందో ఫోన్ లెక్క కడుతుంది. ఈ లెక్కలో సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల పొరపాటు వస్తుంది. శాటిలైట్లలో ఉండేవి అణు గడియారాలు. ఫోన్ గడియారం అంత కచ్చితమైనది కాదు. అందుకే కనీసం నాలుగు శాటిలైట్ల సంకేతాలు కావాలి. మూడింటితో చోటు తెలుస్తుంది, నాలుగోది ఫోన్ గడియారంలోని తేడాను సరిచేస్తుంది.

జీపీఎస్ అమెరికా ప్రభుత్వానిది. సాధారణ ప్రజలకు అందే సంకేతంలో కావాలనే కలిపిన పొరపాటును 2000 మే నెలలో ఆ దేశం తొలగించింది. నేడు ఫోన్లు కార్లకు దారి చూపగలుగుతున్నాయంటే దానికి పునాది ఆ నిర్ణయమే. ఇప్పటి ఫోన్లు జీపీఎస్ ఒక్కదాన్నే నమ్ముకోవడం లేదు. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ సంకేతాలను కూడా అందుకుంటాయి. మన ఇస్రో నిర్మించిన నావిక్ వ్యవస్థను అందుకునే చిప్‌లు కూడా కొన్ని ఫోన్లలో ఉన్నాయి. నావిక్ భారత్‌తో పాటు సరిహద్దుల నుంచి సుమారు 1,500 కిలోమీటర్ల వరకు పనిచేసేలా రూపొందింది.

ఇంటర్నెట్ లేకపోతే జీపీఎస్ పనిచేయదా?

పనిచేస్తుంది. డేటా ప్యాక్ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా, చివరికి సిమ్ కార్డు తీసేసినా ఫోన్ తానున్న చోటును కనిపెట్టగలదు. శాటిలైట్ సంకేతాలకు మొబైల్ టవర్‌తో పని లేదు.

మరి అడవిలో మ్యాప్ ఎందుకు ఖాళీగా కనిపిస్తుంది? చోటు తెలుసుకోవడం ఒక పని, ఆ చోటు చుట్టూ ఉన్న రోడ్ల బొమ్మను చూపించడం మరో పని, ఆ చోటును ఇంకొకరికి పంపడం మూడో పని. మొదటిదానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రెండోదానికి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే అక్కర్లేదు. మూడోదానికి మాత్రం ఏదో ఒక నెట్‌వర్క్ ఉండాల్సిందే. ఈ మూడింటి తేడా తెలిస్తే జీపీఎస్ గురించి సగం సందేహాలు తీరినట్టే.

ఇంటర్నెట్ ఉంటే మరో లాభం కూడా ఉంది. ఏ శాటిలైట్ ఎక్కడుందో చెప్పే సమాచారాన్ని ఫోన్ నెట్ ద్వారా క్షణాల్లో తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే అదే సమాచారాన్ని శాటిలైట్ నుంచే నెమ్మదిగా అందుకోవాలి. అందుకు కనీసం అర నిమిషం, ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుంది. కాబట్టి సిగ్నల్ లేని ప్రాంతంలోకి వెళ్లే ముందే లొకేషన్ ఆన్ చేసి, మ్యాప్‌లో మీ చుక్క కనిపించేదాకా చూడండి. అడవిలోకి వెళ్లాక ఆన్ చేస్తే, చెట్ల నీడలోంచి బయటకు వచ్చి, ఆకాశం బాగా కనిపించే చోట ఓ రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడండి.

నీలి చుక్క చుట్టూ ఉండే వృత్తం ఏం చెబుతుంది?

గూగుల్ మ్యాప్స్‌లో మీరున్న చోట నీలి చుక్క, దాని చుట్టూ లేత నీలి వృత్తం కనిపిస్తాయి. ఆ వృత్తమే అసలు సంగతి. "మీరు ఈ చుట్టుకొలతలో ఎక్కడో ఉన్నారు" అని దాని అర్థం. వృత్తం చిన్నదైతే నమ్మకం ఎక్కువ. పెద్దదైతే ఫోన్‌కు ఇంకా సరిగా తెలియలేదన్నమాట. చాలామంది వృత్తం పెద్దగా ఉన్నప్పుడే లొకేషన్ పంపేసి, "మ్యాప్ తప్పు చూపింది" అంటుంటారు.

ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట సాధారణ స్మార్ట్‌ఫోన్ 5 మీటర్ల వరకు తేడాతో చోటు చూపుతుంది. ఇరుకు వీధుల్లో ఎత్తయిన భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి తిరిగి రావడంతో తేడా పెరుగుతుంది. ఇంట్లో ఉంటే శాటిలైట్ సంకేతాలు సరిగా అందవు కాబట్టి ఫోన్ చుట్టుపక్కల వైఫైలు, మొబైల్ టవర్లను బట్టి అంచనా వేస్తుంది. పట్టణంలో ఆ అంచనా బాగానే ఉంటుంది. టవర్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో అది కిలోమీటర్ల కొద్దీ తప్పొచ్చు. వాన, మబ్బుల వల్ల మాత్రం పెద్దగా తేడా రాదు.

ఈ 5 మీటర్ల తేడా దారి వెతకడానికి అడ్డు కాదు. కానీ పొలం హద్దు తేల్చడానికి ఏ మాత్రం సరిపోదు. గుంట అంటే 121 చదరపు గజాలు. చతురస్రంగా గీస్తే ఒక్కో వైపు 33 అడుగులు, అంటే సుమారు 10 మీటర్లు. ఫోన్ తేడాయే అందులో సగం. గట్టు మీద నడుస్తూ విస్తీర్ణం లెక్కగట్టే యాప్‌లతో విత్తనాలకో, మందుకో అంచనా వేసుకోవచ్చు. పక్క రైతుతో హద్దు తగాదా ఉంటే మాత్రం సర్వేయర్ కొలతే ఆధారం, ఫోన్ తెర కాదు.

ఆఫ్‌లైన్ మ్యాప్ ఎలా దాచుకోవాలి?

గూగుల్ మ్యాప్స్‌లో కుడివైపు పైన ఉన్న మీ ప్రొఫైల్ బొమ్మను నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అనే ఎంపిక కనిపిస్తుంది. అందులో మీకు కావాల్సిన ప్రాంతాన్ని చతురస్రంలోకి తెచ్చుకుని డౌన్‌లోడ్ చేసుకోవాలి. శ్రీశైలం వెళ్లేవారు కల్వకుర్తి నుంచి శ్రీశైలం దాకా, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లేవారు అచ్చంపేట, మన్ననూరు, నల్లమల అడవి మొత్తం వచ్చేలా తీసుకుంటే మంచిది. ఇంట్లో వైఫై మీద చేసుకుంటే డేటా ఖర్చు కాదు. దాచిన మ్యాప్‌లు కొంతకాలానికి పాతబడతాయి కాబట్టి ప్రయాణానికి ముందు ఓసారి అప్‌డేట్ చేయాలి.

ఆఫ్‌లైన్ మ్యాప్‌కు పరిమితులున్నాయి. కారులో వెళ్లే దారి చూపుతుంది గానీ, నడిచి వెళ్లే దారి చూపదు. ట్రాఫిక్ ఎక్కడ ఆగిందో చెప్పదు. సలేశ్వరం లోయలోకి దిగే కాలిబాటకు దాన్ని నమ్ముకోవద్దు. అక్కడ దారి చూపేది జాతర జనం, అటవీ సిబ్బంది, దారి తెలిసిన చెంచులే.

భాష ఇబ్బంది అనుకునేవారికి ఒక మాట. మ్యాప్స్ సెట్టింగ్స్‌లో నావిగేషన్ వాయిస్‌ను తెలుగుకు మార్చుకోవచ్చు. పెద్దవాళ్ల ఫోన్లలో ఈ మార్పు చేసిపెడితే తెర చూడకుండానే విని నడపగలుగుతారు.

మ్యాప్ చూపిన దారిని ఎంతవరకు నమ్మొచ్చు?

జీపీఎస్ చెప్పేది మీరెక్కడున్నారో మాత్రమే. ఎటు వెళ్లాలో చెప్పేది మ్యాప్ కంపెనీ దగ్గరున్న రోడ్ల సమాచారం. మొదటిది సరిగ్గా ఉన్నా రెండోది తప్పు కావచ్చు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర రామగంగ నదిపై అసంపూర్తిగా ఉన్న వంతెన మీదికి వెళ్లిన కారు కింద పడి ముగ్గురు చనిపోయారు. వాళ్లు నావిగేషన్ చూసుకుంటూ వెళ్లారన్నది అప్పట్లో దేశమంతా చర్చ అయింది. ఆ వంతెన తెగి ఉందని మ్యాప్‌కు తెలియదు, దారికి అడ్డంగా హెచ్చరిక ఏర్పాట్లూ సరిగా లేవు.

మన దగ్గర ఇలాంటి ప్రమాదం వానాకాలంలో ఎక్కువ. మూసీ పొంగితే వలిగొండ మండలం సంగెం దగ్గర భీమలింగం లోలెవెల్ వంతెన మునుగుతుంది. పాలమూరు వైపు దుందుభి వాగు పారితే కాజ్‌వేల మీదుగా రాకపోకలు ఆగిపోతాయి. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ సంగతి మ్యాప్‌కు వెంటనే తెలియదు. "20 నిమిషాలు తగ్గుతుంది" అని అది చూపే అడ్డదారి సరిగ్గా ఆ వాగు మీదుగానే ఉండొచ్చు. నీళ్లు పారుతున్న కల్వర్టు కనిపిస్తే మ్యాప్ ఏం చెప్పినా బండి ఆపాలి.

సమయం విషయం కూడా చూసుకోవాలి. మన్ననూరు నుంచి దోమలపెంట వైపు అటవీ మార్గంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. హైదరాబాద్‌లో సాయంత్రం బయల్దేరి "నాలుగున్నర గంటల్లో శ్రీశైలం" అని మ్యాప్ చూపిన లెక్కను నమ్ముకుంటే చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారుతుంది.

ఫోన్ చేతిలో పట్టుకుని నడపొచ్చా అన్నది మరో ప్రశ్న. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, డ్రైవర్ ఏకాగ్రత చెదరకుండా, దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడొచ్చు. నడుపుతూ మాట్లాడటం, మెసేజ్‌లు పంపడం దీని కిందకు రావు. బైక్ అయినా కారు అయినా ఫోన్‌ను స్టాండ్‌కు బిగించుకోవాలి. గమ్యం పేరు బండి కదలకముందే టైప్ చేసుకోవాలి.

ఊరి పేరు చెబితే చాలదా?

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట తోడైంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందలాది తండాలు సొంత పంచాయతీలయ్యాయి. పాత చిరునామా రాసే అలవాటు మాత్రం పోలేదు. ఆధార్‌లో ఒక జిల్లా, కరెంటు బిల్లులో మరో జిల్లా ఉన్న ఇళ్లు ఎన్నో.

పేర్ల తికమక కూడా తక్కువేం కాదు. మద్దూరు మండలం నారాయణపేట జిల్లాలో ఒకటుంది, సిద్దిపేట జిల్లాలో ఒకటుంది. గుండాల యాదాద్రి భువనగిరిలోనూ, భద్రాద్రి కొత్తగూడెంలోనూ ఉంది. మహబూబ్‌నగర్, మహబూబాబాద్ పేర్లు ఫోన్లో వినేవాళ్లకు ఒకటిగానే వినిపిస్తాయి. అందుకే ఊరు, మండలం, జిల్లా మూడూ చెప్పాలి. వాటికి తోడు చోటును అంకెల్లో చెప్పగలిగితే తికమకకు తావుండదు. అందుకు మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, అక్షాంశ రేఖాంశాలు. మ్యాప్‌లో మీరున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడి, రెండు సంఖ్యలు కనిపిస్తాయి. నల్గొండ పట్టణం సుమారు 17.05, 79.27. మహబూబ్‌నగర్ సుమారు 16.74, 77.99. పాత రెండు జిల్లాల్లో ఎక్కడున్నా మొదటి సంఖ్య దాదాపుగా 16 లేదా 17తో మొదలవుతుంది, దక్షిణాన అలంపూర్ వైపు 15.8 కూడా వస్తుంది. రెండో సంఖ్య 77 నుంచి 80 మధ్య ఉంటుంది. చెప్పేటప్పుడు వరుస మారకూడదు. నల్గొండ సంఖ్యలను తిరగేసి 79, 17 అని కొడితే మ్యాప్ ఉత్తర ధ్రువానికి దగ్గర్లోని నార్వే దీవులకు తీసుకెళుతుంది. చుక్క తర్వాత నాలుగు అంకెలు చెబితే సుమారు 11 మీటర్ల కచ్చితత్వం వస్తుంది. ఆపదలో అది చాలు.

రెండోది, గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే ప్లస్ కోడ్. కొన్ని అక్షరాలు, అంకెలు, మధ్యలో ప్లస్ గుర్తు, పక్కన ఊరి పేరు ఉంటాయి. మ్యాప్‌లో వెతికితే నేరుగా ఆ చోటుకే తీసుకెళుతుంది.

మూడోది, తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్. దీన్ని ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌తో కలిసి రూపొందించారు. దేశం మొత్తాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి 10 అక్షరాంకెల కోడ్ ఇచ్చారు. ఇది ఇంటి చిరునామాకు బదులు కాదు, దానికి తోడు. పిన్‌కోడ్ ఒక పోస్టాఫీసు పరిధిని చెబితే, డిజిపిన్ మీ గుమ్మాన్ని చెబుతుంది. తపాలా శాఖ వెబ్‌సైట్‌లో లొకేషన్ అనుమతి ఇస్తే మీ కోడ్ వస్తుంది. అందులో మీ పేరు, వివరాలు ఏవీ ఉండవు. కోడ్ చోటుకు సంబంధించింది, మనిషికి కాదు.

ఆపదలో ఏం చేయాలి?

పోలీసు, అగ్నిమాపక, వైద్య సాయం ఏది కావాలన్నా 112. అంబులెన్స్‌కు 108. ఇది 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైన సేవ. జాతీయ రహదారుల మీద ప్రమాదమైతే 1033కు కూడా చేయొచ్చు.

ఫోన్ చేయగానే వాళ్లకు మీ చోటు కచ్చితంగా తెలిసిపోతుందని అనుకోవద్దు. టవర్ ఆధారంగా తెలిసే చోటు పల్లెల్లో చాలా పెద్ద ప్రాంతం కావొచ్చు. కాబట్టి మొదటి మాటలోనే చోటు చెప్పేయాలి. ఆ తర్వాతే ఏమైందో చెప్పాలి. ఫోన్ మధ్యలో కట్ అయినా వాళ్ల దగ్గర చోటు ఉంటుంది.

హైవే మీద అన్నిటికన్నా సులువైన గుర్తు పక్కనున్న కిలోమీటరు రాయి. "65వ జాతీయ రహదారి, నార్కట్‌పల్లి దాటాక, సూర్యాపేట వైపు వెళ్లే పక్క, కిలోమీటరు రాయి మీద ఈ అంకె ఉంది" అంటే సరిపోతుంది. 44వ రహదారిపై జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మధ్య కూడా ఇంతే. ఏ వైపు వెళ్లే రోడ్డో తప్పక చెప్పాలి. డివైడర్ ఉన్న రోడ్డు మీద అంబులెన్స్ అవతలి పక్కకు వస్తే తిరిగి రావడానికి ఎన్నో నిమిషాలు పోతాయి.

తండాలు, పొలాల దగ్గరైతే ఊరు, మండలం, జిల్లా చెప్పి, పెద్ద వాహనం ఎంతవరకు రాగలదో కూడా చెప్పండి. వాహనం బయల్దేరాక సిబ్బంది ఫోన్ చేసి వాట్సాప్ నంబర్ ఇస్తే అప్పుడు లొకేషన్ పంపొచ్చు. మెయిన్ రోడ్డు మలుపు దగ్గర ఒకరిని టార్చిలైట్‌తో నిలబెట్టడం ఇప్పటికీ మంచి పద్ధతే.

మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా ఫోన్ తెరపై "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనిపిస్తే, అక్కడ వేరే కంపెనీ టవర్ అందుతోందని అర్థం. 112 కాల్ దాని ద్వారా వెళ్లే వీలుంటుంది. డేటా అందకపోయినా ఒక్కోసారి ఎస్ఎంఎస్ వెళుతుంది. కాబట్టి అక్షాంశ రేఖాంశాలను మామూలు మెసేజ్‌గా ఇంట్లోవాళ్లకు పంపితే, వాళ్లే 108కు చెప్పగలరు.

దేశంలో అమ్మే ఫోన్లలో 2017 నుంచి పానిక్ బటన్, 2018 నుంచి జీపీఎస్ తప్పనిసరి అని కేంద్రం 2016లో నిబంధన చేసింది. కొన్ని ఫోన్లలో పవర్ బటన్‌ను వరుసగా 3 సార్లు, ఆండ్రాయిడ్ 12 తర్వాతి చాలా ఫోన్లలో 5 సార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ మొదలవుతుంది. మీ ఫోన్లో ఏది పనిచేస్తుందో సెట్టింగ్స్‌లోని సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ భాగంలో ఈరోజే చూసుకోండి. ఎమర్జెన్సీ కాంటాక్ట్‌లు కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

పాలమూరు నుంచి ముంబయి, పుణె, బెంగళూరుకు పనులకు వెళ్లిన కుటుంబాలకు ఒక ముఖ్యమైన విషయం. ఊళ్లో అమ్మకు బాగాలేదని అక్కడి నుంచి 108 కొడితే ఆ కాల్ ఆ రాష్ట్రం కేంద్రానికి వెళుతుంది, తెలంగాణకు కాదు. ఊళ్లో పక్కింటివాళ్ల నంబరు, ఆశా కార్యకర్త నంబరు దగ్గర ఉంచుకుని వాళ్లతో చేయించాలి. ఇంటి లొకేషన్ పిన్ వాళ్లకు మీరు దూరం నుంచే పంపొచ్చు.

లొకేషన్ పంపడంలో రెండు రకాలు

వాట్సాప్‌లో అటాచ్‌మెంట్ గుర్తు నొక్కి లొకేషన్ ఎంచుకుంటే రెండు దారులు కనిపిస్తాయి. కరెంట్ లొకేషన్ అంటే ఆ క్షణాన మీరున్న చోటు, అది మారదు. పెళ్లికి వచ్చేవాళ్లకు, డెలివరీ బాయ్‌కు ఇది చాలు. లైవ్ లొకేషన్ అంటే మీరు కదులుతుంటే చుక్కా కదులుతుంది. దీనికి 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు గడువులుంటాయి. పంపే ముందు నీలి వృత్తం చిన్నదయ్యేదాకా ఆగండి.

లైవ్ లొకేషన్ చూస్తున్నవాళ్లు గమనించాల్సింది చివరిగా అప్‌డేట్ అయిన సమయం. చుక్క కదలడం లేదంటే మనిషి ఆగిపోయారని కాదు, ఫోన్‌కు సిగ్నల్ లేకపోవచ్చు, బ్యాటరీ సేవర్ లొకేషన్‌ను ఆపేసి ఉండొచ్చు. డిండి దాటి అడవిలోకి వెళ్తున్నవాళ్లు "రెండు గంటలు చుక్క కదలకపోవచ్చు, దోమలపెంట చేరాక ఫోన్ చేస్తాం" అని ముందే చెబితే ఇంట్లో కంగారు ఉండదు.

రాత్రిపూట ఒంటరిగా ప్రయాణించే మహిళలకు తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ 2024 మార్చి నుంచి ఉంది. 100 లేదా 112కు ఫోన్ చేసి 8 నొక్కితే ప్రయాణం పూర్తయ్యేదాకా పోలీసు వ్యవస్థ గమనిస్తుంది. స్మార్ట్‌ఫోన్ లేకపోయినా వాడుకోవచ్చన్నది దీని ప్రత్యేకత. బస్సు కోసం ఎదురుచూసేవారికి ఆర్టీసీ 2023 ఆగస్టులో గమ్యం యాప్ తెచ్చింది. ట్రాకింగ్ పరికరం ఉన్న బస్సు ఎక్కడిదాకా వచ్చిందో అందులో చూడొచ్చు.

మిమ్మల్ని ఎవరు చూస్తున్నారు?

ఆపదలో కాపాడే లొకేషనే, చెప్పకుండా వాడితే నిఘా అవుతుంది. భార్య ఫోన్లో, కూతురి ఫోన్లో రహస్యంగా షేరింగ్ ఆన్ చేసి పెట్టడాన్ని చాలా ఇళ్లలో "జాగ్రత్త కోసమే" అంటారు. జాగ్రత్త కోసమైతే చెప్పి చేయొచ్చు. మహిళ ఇష్టానికి విరుద్ధంగా వెంటాడటం, ఆమె ఇంటర్నెట్, ఫోన్ వాడకంపై నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. ఇలాంటి వేధింపులుంటే షీ టీమ్స్‌ను ఆశ్రయించొచ్చు.

చివరికి కోర్టు కూడా ఈ గీత గీసింది. బెయిల్‌పై ఉన్న వ్యక్తి గూగుల్ మ్యాప్స్ పిన్‌ను దర్యాప్తు అధికారికి నిరంతరం కనిపించేలా ఉంచాలన్న షరతు వ్యక్తిగత గోప్యతకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 జులై 8న తీర్పు చెప్పింది.

మీ ఫోన్లో మూడు చోట్ల చూసుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో లైవ్ లొకేషన్ తెరిస్తే ఎవరికి వెళుతోందో కనిపిస్తుంది. గూగుల్ మ్యాప్స్ ప్రొఫైల్‌లో లొకేషన్ షేరింగ్ తెరవండి. అక్కడ "ఆపేదాకా" అని పెట్టిన పాత షేరింగ్‌లు ఏళ్ల తరబడి నడుస్తూ ఉండొచ్చు. వాటి ద్వారా మీ చోటుతో పాటు బ్యాటరీ ఎంత ఉందో కూడా అవతలివాళ్లకు తెలుస్తుంది. మూడోది, ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల అనుమతులు. మ్యాప్‌కు, క్యాబ్‌కు "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" చాలు. వాతావరణం చెప్పే యాప్‌కు కచ్చితమైన లొకేషన్ అక్కర్లేదు, సుమారు చోటు తెలిస్తే సరిపోతుంది. టార్చిలైట్‌కు, లోన్ యాప్‌కు మీ చోటుతో పనేమిటో మీరే ఆలోచించండి.

ఫొటోలతోనూ జాగ్రత్త. కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫొటోలో తీసిన చోటు నమోదవుతుంది. ఉపాధి హామీ హాజరు, ఇందిరమ్మ ఇళ్ల దశల పరిశీలన వంటి ప్రభుత్వ పనుల్లో ఇలా చోటుతో కూడిన ఫొటోలే ఆధారం. అక్కడ అది అవసరం. కానీ మీ ఇంటి ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఆ చోటు వివరాలు కూడా వెళ్లిపోతాయి.

బయల్దేరే ముందు

- వెళ్లే ప్రాంతం ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి.
- సిగ్నల్ ఉన్నప్పుడే లొకేషన్ ఆన్ చేసి, చుక్క పడిందో లేదో చూడండి.
- ఫోన్ చార్జింగ్ నిండుగా ఉంచండి, పవర్ బ్యాంక్ పెట్టుకోండి. నావిగేషన్ బ్యాటరీని వేగంగా ఖాళీ చేస్తుంది.
- ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి చేరతారో ఒకరికి చెప్పండి.
- హైవే నంబరు, కిలోమీటరు రాళ్ల మీది అంకెలు అప్పుడప్పుడూ గమనిస్తూ ఉండండి.

ఇంకొక్క పని. ఈసారి దసరాకో, సంక్రాంతికో ఊరు వెళ్లినప్పుడు ఇంటి వాకిట్లో, చూరు కింద కాకుండా ఆకాశం కనిపించే చోట నిలబడి, మ్యాప్‌లో ఆ చోటును సేవ్ చేయండి. అక్షాంశ రేఖాంశాలు, డిజిపిన్ ఒక కాగితం మీద రాసి, మీటర్ బోర్డు పక్కన 108, 112 నంబర్లతో పాటు అతికించండి. అదే పిన్‌ను అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకు, పక్కింటివాళ్లకు పంపండి. ఐదు నిమిషాల పని. అర్ధరాత్రి ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు, నగరంలో ఉన్న మీరు అంబులెన్స్‌కు గుడి, చెరువు, చింతచెట్టు అని గుర్తులు వెతుక్కోకుండా ఆ రెండు సంఖ్యలు చదివి వినిపించొచ్చు.